నిర్మాణంలో అనివార్య జాప్యం: గడువు ఎవరు పెంచాలి? నష్టం ఎవరు భరించాలి?

‘ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు’ అన్న సామెతలో ఇల్లే ముందు వచ్చింది. పెళ్లికి ఒక ముహూర్తం తప్పితే మరో ముహూర్తం చూసుకోవచ్చు. ఇంటికి గడువు తప్పితే మాత్రం ప్రతి నెలా డబ్బు రూపంలో లెక్క తేలుతుంది. ఫ్లాటు కొన్న కుటుంబం ఒకవైపు ఇంటి అద్దె, మరోవైపు గృహరుణ వాయిదా చెల్లిస్తుంది. పని చేపట్టిన గుత్తేదారు ఆగిన యంత్రాలకు అద్దె, తెచ్చిన అప్పుకు వడ్డీ, ఖాళీగా కూర్చున్న కూలీలకు బత్తా ఇస్తూ ఉంటాడు. ఆ ఆలస్యాన్ని ఇద్దరిలో ఎవరూ కోరుకోకపోవచ్చు. అయినా దాని ఖర్చును ఎవరో ఒకరు మోయక తప్పదు.

తుపాను, వరద, మహమ్మారి, యుద్ధం, కోర్టు స్టే, ప్రభుత్వ నిషేధాజ్ఞ వంటి కారణాలతో పని ఆగినప్పుడు ‘మా చేతుల్లో లేదు’ అన్న మాట ముందుగా వినిపిస్తుంది. చాలాసార్లు ఆ మాట నిజమే. కానీ ఆ ఒక్క మాటతో వివాదం ముగిసిపోదు. విపత్తు వచ్చిందా లేదా అన్న ప్రశ్న దగ్గర న్యాయస్థానాలు ఆగవు. ఆ విపత్తు వల్ల ఏ పని ఆగింది, ఎన్ని రోజులు ఆగింది, ఆ సంగతిని ఎదుటి పక్షానికి ఎప్పుడు తెలియజేశారు, ఒప్పందంలో ఏమని రాసుకున్నారు అన్నవి కూడా పరిశీలిస్తాయి. వీటికి జవాబు చెప్పగలిగిన పక్షానికే ఉపశమనం దక్కుతుంది.

యుద్ధం వచ్చినా రద్దు కాని ఒప్పందం

ఈ విషయంలో భారత న్యాయస్థానాలు నేటికీ ఉదహరించే తీర్పు కలకత్తాలోని ఒక ఇళ్ల స్థలాల వివాదం నుంచి వచ్చింది. ధాకురియా సరస్సుల సమీపంలో ఒక సంస్థ లేక్ కాలనీ పథకం పేరిట భూమిని ప్లాట్లుగా విభజించి అమ్మకానికి పెట్టింది. రోడ్లు, మురుగు కాలువలు నిర్మించి ఇచ్చే బాధ్యత కూడా సంస్థదే. 1940లో ఒక కొనుగోలుదారు 101 రూపాయలు బయానాగా చెల్లించి ఒప్పందం చేసుకున్నారు. మరుసటి ఏడాది చివర్లో రెండో ప్రపంచ యుద్ధ అవసరాల కోసం ప్రభుత్వం ఆ ప్రాంతంలోని భూములను తన అధీనంలోకి తీసుకోవడం ప్రారంభించింది. రోడ్ల పని సాగించడం సాధ్యం కాలేదు. ఒప్పందం రద్దయినట్లేనని సంస్థ వాదించింది.

సత్యవ్రత ఘోష్ వర్సెస్ మగ్నీరామ్ బంగూర్ అండ్ కంపెనీగా ప్రసిద్ధి పొందిన ఈ కేసులో సుప్రీంకోర్టు సంస్థ వాదనను అంగీకరించలేదు. పని పూర్తి చేయడానికి ఒప్పందంలో నిర్దిష్ట కాలపరిమితి లేదు. యుద్ధకాలంలో ఆంక్షలు, ఇబ్బందులు ఉంటాయని ఒప్పందం చేసుకునే నాటికే ఇరుపక్షాలకూ తెలుసు. భూమిని ప్రభుత్వం తీసుకున్నది తాత్కాలికంగానే. అందువల్ల పని ఆలస్యమవుతుందే తప్ప ఒప్పందానికి మూలాధారమే నశించిపోలేదని న్యాయస్థానం తేల్చింది.

భారత కాంట్రాక్టు చట్టం, 1872లోని 56వ సెక్షన్ కింద ‘అసాధ్యం’ అన్న పదానికి ఇదే తీర్పు అర్థం చెప్పింది. భౌతికంగా చేయలేకపోవడం ఒక్కటే అసాధ్యం కాదు. ఏ ప్రయోజనం కోసం ఒప్పందం కుదిరిందో ఆ ప్రయోజనమే వ్యర్థమయ్యేంతగా పరిస్థితి తలకిందులైనా అసాధ్యమే. అయితే కష్టం కావడం, ఖర్చు పెరగడం, కొంతకాలం ఆగిపోవడం ఆ స్థాయికి రావు. నిర్మాణ రంగంలో ఎదురయ్యే జాప్యాల్లో అత్యధికం ఈ కోవకే చెందుతాయి. అందుకే ఇక్కడ వివాదం సాధారణంగా ఒప్పందం రద్దు గురించి కాదు, గడువు పొడిగింపు గురించి, దానికి అయ్యే ఖర్చు గురించి.

‘ఫోర్స్ మజ్యూర్’ నిబంధన అంటే ఏమిటి?

మానవ ప్రయత్నానికి అతీతమైన పరిస్థితుల్లో బాధ్యత నుంచి తాత్కాలికంగానో, శాశ్వతంగానో మినహాయింపు ఇచ్చే నిబంధనను ‘ఫోర్స్ మజ్యూర్’ అంటారు. ఇది ఫ్రెంచి న్యాయ పరిభాష నుంచి వచ్చిన మాట. పెద్ద నిర్మాణ ఒప్పందాలన్నింటిలోనూ ఏదో ఒక రూపంలో ఈ నిబంధన కనిపిస్తుంది.

ఒప్పందంలో ఇలాంటి నిబంధన ఉంటే కాంట్రాక్టు చట్టంలోని 32వ సెక్షన్ వెలుగులో దాన్ని పరిశీలిస్తారు. నిబంధన లేకుంటే 56వ సెక్షన్ వర్తిస్తుంది. 2017 ఏప్రిల్‌లో ఎనర్జీ వాచ్‌డాగ్ కేసులో సుప్రీంకోర్టు ఈ భేదాన్ని స్పష్టం చేసింది. ఇండోనేషియా నుంచి దిగుమతి చేసుకునే బొగ్గు ధర పెరిగినందువల్ల విద్యుత్ సరఫరా ఒప్పందాల బాధ్యత తప్పదని అదే తీర్పులో పేర్కొంది. ధర పెరగడం వేరు, పని అసాధ్యం కావడం వేరు.

నిర్మాణ రంగానికి దీని అన్వయం సూటిగానే ఉంటుంది. సిమెంటు, ఉక్కు ధరలు పెరిగాయన్న కారణంతో పని ఆపితే అది అనివార్య జాప్యం కిందికి రాదు. ధరల హెచ్చుతగ్గులను సర్దుబాటు చేసే నిబంధన ఒప్పందంలో ఉంటే దాని ప్రకారం అదనపు మొత్తం కోరవచ్చు. లేకుంటే ఆ భారం పని ఒప్పుకున్న వారిదే.

నిబంధనలోని పదాలకు కూడా విలువ ఉంది. ‘వరద, తుపాను, భూకంపం’ అని మాత్రమే రాసుకున్న ఒప్పందంలో ఒక నగరమంతటా నిర్మాణాలపై విధించిన నిషేధం ఇముడుతుందా అన్నది వివాదాస్పదమవుతుంది. దిల్లీ పరిసరాల్లో చలికాలంలో వాయు కాలుష్యం తీవ్రమైనప్పుడు నిర్మాణ పనులను నిలిపివేయడం ఇటీవలి సంవత్సరాల్లో పరిపాటిగా మారింది. ఏటా జరిగేదాన్ని ‘ఊహించలేదు’ అని చెప్పడం కష్టం. అలాంటి చోట నిషేధపు రోజులను గడువులోనే లెక్కించుకోవాలా, విడిగా మినహాయించాలా అన్నది ముందే రాసుకోవడం మేలు.

వాన అనివార్యమే, కానీ ఏ వాన?

తెలుగు రాష్ట్రాల్లో నిర్మాణ జాప్యానికి తరచూ చూపే కారణం వర్షం. జూన్ నుంచి సెప్టెంబరు వరకు నైరుతి రుతుపవనాలు, అక్టోబరు నుంచి డిసెంబరు వరకు కోస్తాకు తుపానుల ముప్పు ఉంటాయని అందరికీ తెలుసు. అందుచేత జులైలో వాన పడి పునాది గోతుల్లో నీరు నిలిచిందంటే అది అసాధారణం కాదు. ఆ రోజులను లెక్కలోకి తీసుకునే పని ఒప్పుకున్నట్లు భావిస్తారు. సంక్రాంతికి కూలీలు ఊళ్లకు వెళ్లడం, ఎన్నికల సమయంలో వలస కార్మికులు స్వరాష్ట్రాలకు తరలడం, మంచి రోజులు లేవని యజమాని శంకుస్థాపన వాయిదా వేయడం కూడా ముందుగా ఊహించదగినవే.

2014 అక్టోబరు 12న విశాఖపట్నాన్ని తాకిన హుద్‌హుద్ తుపాను వంటిది, 2024 సెప్టెంబరు మొదట్లో విజయవాడను ముంచెత్తిన వరద వంటిది వేరు. ఒప్పందాల్లో సాధారణంగా ‘అసాధారణ ప్రతికూల వాతావరణం’ అన్న పదప్రయోగం ఉంటుంది. అసాధారణమో కాదో తేల్చడానికి గత సంవత్సరాల వర్షపాత వివరాలతో పోల్చి చూస్తారు. భారత వాతావరణ శాఖ నమోదు చేసే రోజువారీ లెక్కలు ఇక్కడ సాక్ష్యంగా ఉపయోగపడతాయి. పని జరుగుతున్న చోటే వర్షమాపకం పెట్టి లెక్క రాసుకునే పద్ధతి పెద్ద ప్రాజెక్టుల్లో ఉంది.

అయితే అసాధారణ వర్షం కురిసిందని నిరూపించినంత మాత్రాన సరిపోదు. ఆ రోజుల్లో గోడల లోపల తీగలు లాగే పని జరుగుతూ ఉంటే బయటి వాన దాన్ని ఆపలేదు. ఏ పని ఆగితే మొత్తం నిర్మాణం వెనకబడుతుందో ఆ పనుల వరుసను ఇంజినీర్లు ‘క్రిటికల్ పాత్’ అంటారు. పునాది, స్తంభాలు, స్లాబు ఈ వరుసలోనివి. స్లాబు పోయకుండా పై అంతస్తు లేవదు. కానీ ప్రహరీ గోడ నెల ఆలస్యమైనా ఇంటి గడువు మారకపోవచ్చు. గడువు పొడిగింపు కోరేవారు తమ ఆటంకం ఈ వరుసలోని పనిని దెబ్బతీసిందని చూపించాలి.

మూడు రకాల జాప్యాలు

జాప్యాలన్నిటినీ ఒకే గాటన కట్టడం వల్లనే చాలా తగాదాలు పుడతాయి. ఆచరణలో అవి మూడు రకాలు.

మొదటిది, ఎవరి తప్పూ లేనిది. తుపాను, భూకంపం, మహమ్మారి వంటివి. ఇలాంటి సందర్భంలో గుత్తేదారుకు అదనపు గడువు లభిస్తుంది, జరిమానా ఉండదు. కానీ ఆగిన రోజుల ఖర్చును సాధారణంగా ఎవరిది వారే భరిస్తారు.

రెండోది, యజమాని వల్ల జరిగేది. స్థలం సకాలంలో అప్పగించకపోవడం, నక్షాలు ఆలస్యంగా ఇవ్వడం, మధ్యలో ప్లాను మార్చడం, బిల్లులు చెల్లించకపోవడం ఈ కోవలోకి వస్తాయి. ఇక్కడ గుత్తేదారుకు అదనపు గడువుతో పాటు పరిహారం కోరే అవకాశం కూడా ఉంటుంది. ఒక పక్షం పనికి ఎదుటి పక్షమే అడ్డుపడితే నష్టపరిహారం పొందే హక్కును కాంట్రాక్టు చట్టంలోని 53వ సెక్షన్ కల్పిస్తోంది.

మూడోది, గుత్తేదారు వల్ల జరిగేది. కూలీలను సమకూర్చుకోకపోవడం, సెంట్రింగు సామగ్రిని వేరే పనికి తరలించడం, నాసిరకం పనిని కూల్చి మళ్లీ కట్టవలసి రావడం వంటివి. దీనికి గడువూ రాదు, డబ్బూ రాదు. పైగా ఆలస్యానికి పరిహారం చెల్లించాలి.

ఒక ఊహాత్మక ఉదాహరణ చూద్దాం. 12 నెలల్లో పూర్తి కావలసిన భవనం 65 రోజులు ఆలస్యమైంది. అందులో 20 రోజులు వరద వల్ల, 30 రోజులు యజమాని నక్షాలు ఇవ్వనందువల్ల, 15 రోజులు గుత్తేదారు వద్ద సెంట్రింగు సామగ్రి లేనందువల్ల పోయాయి. ఇవి ఒకదాని తర్వాత ఒకటి జరిగి ఉంటే గుత్తేదారుకు 50 రోజుల అదనపు గడువు రావాలి. అందులో 30 రోజుల ఖర్చును ఆయన కోరవచ్చు. మిగిలిన 15 రోజులకు ఆయనే పరిహారం చెల్లించాలి.

సామగ్రి లేని ఆ 15 రోజులూ నక్షాలు రాని 30 రోజుల్లోనే కలిసి ఉంటే లెక్క మారుతుంది. దీన్ని ఏకకాల జాప్యం అంటారు. నక్షాలు వచ్చినా పని సాగేది కాదు, సామగ్రి ఉన్నా పని సాగేది కాదు. ఇలాంటి రోజులకు గడువు ఇచ్చి, డబ్బు మాత్రం ఎవరికీ ఇవ్వకపోవడం విస్తృతంగా అనుసరించే పద్ధతి.

చెప్పని ఆటంకం లెక్కలోకి రాదు

నష్టపోయిన పక్షం చేసే అతి పెద్ద పొరపాటు మౌనం. పని జరుగుతున్నంత కాలం సంబంధాలు చెడకూడదని కాగితం పెట్టరు. చివరి బిల్లు దగ్గర తగాదా వచ్చాక పాత ఆటంకాలన్నీ ఏకరువు పెడతారు. అప్పటికి సాక్ష్యం ఉండదు.

అంతర్జాతీయ కన్సల్టింగ్ ఇంజినీర్ల సమాఖ్య రూపొందించిన ‘ఫిడిక్’ ఒప్పంద పత్రాలు ప్రపంచమంతటా వాడుకలో ఉన్నాయి. 1999 నాటి పత్రం ప్రకారం, అదనపు గడువు గానీ డబ్బు గానీ కోరే గుత్తేదారు ఆ పరిస్థితి తెలిసిన 28 రోజుల్లోగా నోటీసు ఇవ్వాలి. ఇవ్వకుంటే ఆ హక్కు పోతుంది. మన కేంద్ర ప్రజా పనుల శాఖ అనుసరించే సాధారణ షరతుల్లోనూ అనివార్య పరిస్థితి ఏర్పడిన వెంటనే లిఖితపూర్వకంగా తెలియజేయాలని, గడువు పొడిగింపును నిర్దేశిత పత్రంలో కోరాలని ఉంది. నష్టాన్ని తగ్గించడానికి తన వంతు ప్రయత్నం చేయవలసిన బాధ్యత కూడా గుత్తేదారుపై ఉంది.

ప్రభుత్వ పనుల్లో ‘హిండ్రెన్స్ రిజిస్టర్’ అనే ఆటంకాల పుస్తకం నిర్వహిస్తారు. ఏ తేదీన ఆటంకం మొదలైంది, ఎందుకు, ఏ పని ఆగింది, ఎప్పుడు తొలగింది అన్నవి అందులో నమోదై, ఇరుపక్షాల సంతకాలు ఉంటాయి. నిరాడంబరమైన ఈ పుస్తకమే తర్వాత మధ్యవర్తి ముందు లక్షల రూపాయల విలువైన సాక్ష్యం అవుతుంది.

గడువు మించితే ఒప్పందమే పోతుందా?

గడువు తప్పిన వెంటనే ఒప్పందాన్ని తెంచుకోవచ్చా అన్న ప్రశ్నకు నాసిక్ ఎడమ కాలువపై అక్విడక్టు నిర్మాణానికి సంబంధించిన కేసు సమాధానం చెబుతుంది. 1955లో మొదలైన ఆ పనికి 12 నెలల గడువు. భారీ వర్షాల వల్ల పని స్థలానికి చేరడమే కష్టమైందని, సకాలంలో పని ప్రారంభించలేకపోయామని గుత్తేదారులు గడువు కోరారు. అధికారులు ఒప్పందాన్ని రద్దు చేశారు. హింద్ కన్‌స్ట్రక్షన్ కాంట్రాక్టర్స్ వర్సెస్ మహారాష్ట్రగా 1979లో వెలువడిన తీర్పులో సుప్రీంకోర్టు ఆ రద్దు చెల్లదని పేర్కొంది. ఒప్పందంలోనే గడువు పొడిగింపునకు, ఆలస్యానికి జరిమానాకు వీలు కల్పించారంటే, ఆ తేదీ దాటితే అంతా ముగిసిపోవాలని ఇరుపక్షాలు అనుకోలేదని అర్థం.

దీనికి మరో పార్శ్వం ఉంది. గడువు కచ్చితమని రాసుకున్న ఒప్పందంలో ఆలస్యమైన పనిని యజమాని స్వీకరిస్తే, స్వీకరించే సమయంలోనే ‘నా పరిహార హక్కును వదులుకోవడం లేదు’ అని తెలియజేయాలి. లేకుంటే తర్వాత ఆ ఆలస్యానికి నష్టపరిహారం కోరలేరని 55వ సెక్షన్ చెబుతోంది. గృహప్రవేశం సంబరంలో తాళాలు తీసుకునే క్షణంలో ఈ సంగతి చాలామందికి గుర్తుండదు.

ఆలస్యానికి రోజుకు ఇంత, వారానికి ఇంత అని ముందే రాసుకునే పరిహారానికీ హద్దు ఉంది. ప్రభుత్వ పనుల్లో సాధారణంగా ఇది ఒప్పంద విలువలో 10 శాతానికి మించదు. పైగా 74వ సెక్షన్ ప్రకారం రాసుకున్న మొత్తం గరిష్ఠ పరిమితి మాత్రమే. సహేతుకమైన పరిహారాన్ని మాత్రమే న్యాయస్థానం ఇప్పిస్తుంది.

కొవిడ్ నేర్పిన పాఠం

2020 ఫిబ్రవరి 19న కేంద్ర ఆర్థిక మంత్రిత్వ శాఖ ఒక ఉత్తర్వు ఇచ్చింది. కరోనా వైరస్ వల్ల సరఫరాలకు ఏర్పడిన అంతరాయాన్ని ప్రకృతి వైపరీత్యంగా పరిగణించి, తగిన చోట ఫోర్స్ మజ్యూర్ నిబంధనను వర్తింపజేయవచ్చని పేర్కొంది. మార్చి 25 నుంచి దేశవ్యాప్త లాక్‌డౌన్ అమలైంది. నిర్మాణ స్థలాలు నిర్మానుష్యమయ్యాయి. వేలాది వలస కార్మికులు కాలినడకన సొంతూళ్లకు బయలుదేరారు. లాక్‌డౌన్ సడలించాక కూడా వారు తిరిగి రావడానికి నెలలు పట్టింది. యంత్రాలు, సామగ్రి ఉన్నా మనుషులు లేక పనులు ఆగాయి.

మే 13న వెలువడిన మరో ఉత్తర్వు ద్వారా, ఫిబ్రవరి 20 నుంచి పూర్తి కావలసిన ప్రభుత్వ ఒప్పంద బాధ్యతలకు జరిమానా లేకుండా మూడు నుంచి ఆరు నెలల వరకు గడువు పొడిగించారు. అయితే ఒక షరతు ఉంది. ఫిబ్రవరి 19 నాటికే బాధ్యతలో విఫలమై ఉన్న పక్షానికి ఈ రక్షణ వర్తించదు.

అదే నెల 29న దిల్లీ హైకోర్టు ఇచ్చిన తీర్పు కూడా ఇదే సూత్రాన్ని బలపరిచింది. రాజస్థాన్‌లోని చమురు క్షేత్రాల పనులకు సంబంధించిన హాలిబర్టన్ వర్సెస్ వేదాంత కేసు అది. గుత్తేదారు వైఫల్యం 2019 సెప్టెంబరు నుంచే ఉందని, పదేపదే అవకాశం ఇచ్చినా పని పూర్తి కాలేదని న్యాయస్థానం గమనించింది. గడువు మహమ్మారికి ముందే దాటిపోయిన చోట మహమ్మారిని సాకుగా చూపలేరని పేర్కొంటూ బ్యాంకు గ్యారంటీల నగదీకరణను ఆపడానికి నిరాకరించింది.

విపత్తు కొత్త ఆటంకాన్ని మన్నిస్తుంది కానీ పాత నిర్లక్ష్యాన్ని మాఫీ చేయదన్నది ఈ రెండింటి సారాంశం.

ఫ్లాటు కొన్నవారికి ఏ రక్షణ ఉంది?

ఇద్దరు వ్యాపారుల మధ్య ఒప్పందంలో బేరమాడే శక్తి కొంతవరకైనా సమానంగా ఉంటుంది. ఫ్లాటు కొనే కుటుంబానికి ఆ శక్తి లేదు. 2019లో పయనీర్ అర్బన్ కేసులో సుప్రీంకోర్టు ఎత్తి చూపిన నిబంధనలు ఇందుకు నిదర్శనం. కొనుగోలుదారు వాయిదా ఆలస్యమైతే 18 శాతం వడ్డీ. నిర్మాణ సంస్థ ఆలస్యం చేస్తే 9 శాతమే, అదీ చాలాకాలం గడిచాక. అలాంటి ఏకపక్ష షరతులు కొనుగోలుదారును కట్టిపడేయలేవని న్యాయస్థానం తేల్చింది.

స్థిరాస్తి నియంత్రణ, అభివృద్ధి చట్టం, 2016 ఈ అసమానతను సరిచేసే ప్రయత్నం చేసింది. ‘రెరా’గా పిలిచే ఈ చట్టం కింద ఆలస్యపు వడ్డీ రేటు ఇరుపక్షాలకూ ఒకటే. కొనుగోలుదారుల నుంచి వసూలైన సొమ్ములో 70 శాతాన్ని ఆ ప్రాజెక్టు భూమి, నిర్మాణ వ్యయాలకే కేటాయించిన ప్రత్యేక ఖాతాలో ఉంచాలి. ఒక ప్రాజెక్టు డబ్బును మరో ప్రాజెక్టుకు మళ్లించడం వల్ల ఏర్పడే జాప్యాన్ని అరికట్టడమే దీని ఉద్దేశం.

ఆరో సెక్షన్ ఫోర్స్ మజ్యూర్‌ను నిర్వచించింది. యుద్ధం, వరద, కరవు, అగ్నిప్రమాదం, తుపాను, భూకంపం, ప్రాజెక్టు అభివృద్ధిని దెబ్బతీసే ఇతర ప్రకృతి వైపరీత్యం ఇందులోకి వస్తాయి. ఈ కారణాలపై రెరా సంస్థ ప్రాజెక్టు రిజిస్ట్రేషన్ గడువును పొడిగించవచ్చు. నిర్మాణ సంస్థ తప్పు లేకుండా ఇతర సహేతుక పరిస్థితులు ఉంటే మొత్తం మీద ఏడాదికి మించకుండా పొడిగింపు ఇచ్చే వీలుంది. నిధుల కొరత, అమ్మకాల మందగమనం, గుత్తేదారుతో తగాదా ఈ జాబితాలో లేవు. కొవిడ్‌ను ప్రకృతి వైపరీత్యంగా పరిగణించి, 2020 మార్చి 25 తర్వాత గడువు ముగిసే ప్రాజెక్టులకు ఆరు నెలల పొడిగింపు ఇవ్వాలని కేంద్ర గృహనిర్మాణ, పట్టణ వ్యవహారాల శాఖ రాష్ట్రాలకు సూచించింది. అవసరమైతే మరో మూడు నెలలు పెంచే వెసులుబాటునూ కల్పించింది.

ఇక్కడ ఒక సూక్ష్మాన్ని కొనుగోలుదారులు గ్రహించాలి. రెరా వద్ద రిజిస్ట్రేషన్ గడువు పెరిగినంత మాత్రాన అమ్మకపు ఒప్పందంలో ఇచ్చిన తేదీ దానంతట అదే మారదు. 2017 డిసెంబరులో నీల్‌కమల్ రియల్టర్స్ కేసులో బొంబాయి హైకోర్టు ఈ విషయాన్ని స్పష్టం చేసింది. ఆలస్యాన్ని లెక్కించేది ఒప్పందంలోని తేదీ నుంచే.

ఆ తేదీకి ఫ్లాటు అప్పగించకుంటే 18వ సెక్షన్ కింద కొనుగోలుదారుకు రెండు దారులు ఉన్నాయి. వడ్డీతో సహా డబ్బు వెనక్కి తీసుకుని వైదొలగవచ్చు. లేదా ప్రాజెక్టులో కొనసాగుతూ అప్పగించే వరకు ప్రతి నెల జాప్యానికి వడ్డీ పొందవచ్చు. ఊహించని పరిణామాలు, కోర్టు స్టేలతో నిమిత్తం లేకుండా డబ్బు వెనక్కి కోరే హక్కు బేషరతైనదని 2021 నవంబరులో న్యూటెక్ ప్రమోటర్స్ కేసులో సుప్రీంకోర్టు పేర్కొంది. వడ్డీ లెక్కలో కొవిడ్ కాలాన్ని మినహాయించిన సందర్భాలూ లేకపోలేదు. అందువల్ల ఫిర్యాదు చేసేవారు మహమ్మారికి ముందు జరిగిన జాప్యాన్ని, తర్వాతి జాప్యాన్ని తేదీల వారీగా విడదీసి చూపడం ప్రయోజనకరం.

ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో రెరా సంస్థలు పనిచేస్తున్నాయి. ప్రాజెక్టు రిజిస్ట్రేషన్ గడువు, పొడిగింపుల వివరాలను కొనుగోలుకు ముందే వాటి వెబ్‌సైట్లలో చూసుకోవచ్చు. విదేశాల్లో ఉంటూ ఇక్కడ ఫ్లాటు కొనే తెలుగువారికి ఇది మరీ ముఖ్యం. పని ఎంతవరకు వచ్చిందో వచ్చి చూసుకునే వీలు వారికి తక్కువ.

మేస్త్రీతో కట్టించుకునే ఇంటికి ఏం చేయాలి?

సొంత స్థలంలో ఇల్లు కట్టుకునే కుటుంబాలకు రెరా వర్తించదు. చాలాచోట్ల మేస్త్రీతో నోటి మాట మీద, చదరపు అడుగుకు ఇంత అన్న లెక్క మీద పని మొదలవుతుంది. నోటి ఒప్పందం కూడా చట్టప్రకారం ఒప్పందమే. కానీ గడువు ఎంత అనుకున్నారు, ఎందుకు మారింది అన్నది నిరూపించడం దాదాపు అసాధ్యం. అలాంటి చోట రెండు పుటల కాగితమైనా రాసుకోవడం ఇద్దరికీ రక్షణ. అందులో ఉండవలసినవి ఇవి:

- పని మొదలయ్యే తేదీ, పునాది, స్లాబు, గోడలు, పూత వంటి దశలు, ఒక్కో దశకు గడువు, దానికి ముడిపెట్టిన చెల్లింపు.

- ఇసుక, సిమెంటు, ఇనుము ఎవరు తెప్పించాలి, అవి దొరకకుంటే ఆ రోజుల లెక్క ఎవరిది. 2019లో ఆంధ్రప్రదేశ్‌లో ఇసుక కొరతతో పనులు ఆగిపోయినప్పుడు ఈ ప్రశ్న ఎంతోమందికి ఎదురైంది.

- వర్షాకాలానికి ఎన్ని రోజులు గడువులోనే కలిపారు, అంతకు మించి వాన ఉంటే ఎన్ని రోజులు పెంచుతారు.

- ఆటంకం వచ్చిన ఎన్ని రోజుల్లోగా తెలియజేయాలి. వాట్సాప్ సందేశం, తేదీతో కూడిన ఛాయాచిత్రం కూడా సాక్ష్యంగా పనికొస్తాయి.

- యజమాని మధ్యలో ప్లాను మారిస్తే పెరిగే రోజులు, ఖర్చు. మార్పు చెప్పిన రోజే రాసుకోవాలి.

- పని పూర్తిగా ఆగి ఇన్ని నెలలు దాటితే ఇరుపక్షాలూ లెక్క తేల్చుకుని విడిపోయే వీలు.

పేచీ వస్తే నేరుగా కోర్టుకు వెళ్లే ముందు, ఇద్దరికీ నమ్మకమున్న ఇంజినీరుతో కొలతలు వేయించి, ఆగిన రోజులను పైన చెప్పిన మూడు రకాలుగా విడదీయించడం మంచిది. చాలా తగాదాలు ఆ కాగితం దగ్గరే సద్దుమణుగుతాయి. పెద్ద మొత్తాలు ముడిపడి ఉంటే న్యాయవాదిని సంప్రదించాలి. ప్రతి ఒప్పందంలోని పదాలు వేరు, వాటి ఫలితమూ వేరు.

లెక్కలో కనిపించని మూడో మనిషి

జాప్యం గురించిన చర్చలో యజమాని, గుత్తేదారు మాత్రమే కనిపిస్తారు. పని ఆగిన రోజున కూలి పోగొట్టుకునే కార్మికుడు ఏ ఒప్పందంలోనూ సంతకం చేయడు. గడువు పొడిగించకుండా జరిమానా బెదిరింపు పెట్టినప్పుడు, పోయిన రోజులను పూడ్చుకోవడానికి రాత్రి పని, తడిసిన పరంజా మీద పని చేయవలసి వచ్చేది కూడా ఆ మనిషే. పోసిన స్లాబు తగినన్ని రోజులు నీటితో క్యూరింగు కాకముందే సెంట్రింగు ఊడదీస్తే ప్రమాదం ముందుగా అతడికి, తర్వాత ఆ ఇంట్లో నివసించేవారికి.

కనుక న్యాయమైన గడువు పొడిగింపును గుత్తేదారుపై చూపే దయగా భావించనవసరం లేదు. కోల్పోయిన రోజులను కాగితం మీద నిజాయతీగా లెక్కించకపోతే, ఆ రోజులను కాంక్రీటు నాణ్యత నుంచో, కార్మికుడి భద్రత నుంచో లాక్కోవలసి వస్తుంది. విపత్తును ఎవరూ ఆపలేరు. అది వచ్చిన రోజున తేదీ వేసి రాసుకోవడం, ఎదుటివారికి చెప్పడం మాత్రం అందరి చేతుల్లోనూ ఉంది.